పెద్దవాళ్లతో, పిల్లలతో బ్లూబెల్ రైల్వేలో ఒక రోజు

ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకు లండన్‌లో చూపించాల్సినవన్నీ మొదటి నెలలోనే అయిపోతాయి. ఆ తర్వాత మనం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. పెద్దవాళ్లు ఇంట్లో కిటికీ దగ్గర. సాయంత్రం మనవడు ఇంటికొచ్చినా తాతయ్యతో మాట్లాడటానికి వాడికి తెలుగు చాలదు, విషయమూ దొరకదు. ఆ విషయం దొరికే చోటు ఒకటి ఉంది. అదే ససెక్స్‌లోని బ్లూబెల్ రైల్వే. నేను క్రాయ్‌డన్ వైపు ఉంటాను. ఊరి నుంచి ఎవరు వచ్చినా అక్కడికి తీసుకెళ్తుంటాను కాబట్టి, వెళ్లేవారికి పనికొచ్చేవి ఇక్కడ రాస్తున్నాను.

లైను కథ

ఇది 1882లో మొదలైన లైను. 1955లో మూసేస్తే, మ్యాడ్జ్ బెస్సెమర్ అనే స్థానికురాలు పాత చట్టాన్ని వెతికి తీశారు. రోజుకు నాలుగు రైళ్లు నడపాలని అందులో ఉంది. దాంతో 1956లో రైళ్లు మళ్లీ నడపక తప్పలేదు. 1958లో పూర్తిగా మూతపడింది. మరుసటి ఏడాది రైలంటే ఇష్టమున్నవాళ్లు సంఘం పెట్టి, 1960 ఆగస్టులో కొంత దూరం ఆవిరి బండి నడపడం మొదలుపెట్టారు. మిగతా లైనును ముక్క ముక్కగా వేసుకుంటూ 2013లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ చేరారు. అక్కడ పట్టాల దారి ఒకచోట ఇళ్ల చెత్తతో నిండిపోయి ఉంటే, ఆ చెత్తను తవ్వి తరలించారు. ఇప్పుడు మొత్తం 11 మైళ్లు. నడిపేవాళ్లలో ఎక్కువ మంది జీతం లేని వాలంటీర్లే.

ఎటు నుంచి మొదలుపెట్టాలి

లండన్ నుంచి మామూలు రైల్లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో దిగితే బ్లూబెల్ స్టేషన్ పక్కనే. అక్కడి నుంచి దక్షిణానికి వెళ్తుంటే కాలం వెనక్కి నడుస్తుంది. కింగ్స్‌కోట్‌ను 1950ల స్టేషన్‌లా, హోర్‌స్టెడ్ కీన్స్‌ను 1930ల స్టేషన్‌లా, చివరిదైన షెఫీల్డ్ పార్క్‌ను 1880ల స్టేషన్‌లా ఉంచారు. రంగులు, బోర్డులు, ప్రకటనలు అన్నీ ఆ కాలానివే. అందుకే చివరిదాకా వెళ్లి అదే బండిలో తిరిగి రావద్దు. రోజంతా ఎక్కి దిగే వీలున్న టికెట్ తీసుకుని, కనీసం హోర్‌స్టెడ్ కీన్స్‌లో దిగండి. డౌన్టన్ యాబీ సీరియల్‌లో కనిపించే స్టేషన్ ఇదే. పాత పెట్టెలను బాగుచేసే పని కూడా ఇక్కడే చూడొచ్చు.

షెఫీల్డ్ పార్క్‌లో ఇంజన్ల షెడ్డు, మ్యూజియం ఉన్నాయి. పిల్లలు థామస్ అభిమానులైతే స్టెప్నీ ఎక్కడుందో అడగండి. ఆ 1875 నాటి ఇంజను మీద థామస్ కథల రచయిత ఆడ్రీ 1963లో ఒక పుస్తకమే రాశారు.

తిరుగు ప్రయాణంలో షెఫీల్డ్ పార్క్ దాటాక ఫ్రెష్‌ఫీల్డ్ అనే ఎగువ వస్తుంది. 75 అడుగులకు ఒక అడుగు ఎత్తు. ఇంజనుకు దగ్గరి పెట్టెలో కూర్చుంటే అది ఆయాసపడే చప్పుడు బాగా వినిపిస్తుంది. ఆ తర్వాత 731 గజాల సొరంగం. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో దిగగానే వెళ్లిపోకండి. ఇంజను విడిపోయి పక్క పట్టా మీదుగా రెండో చివరకు రావడం చూడండి.

తాతయ్యకు తెలిసినవి

ఇండియాలో బొగ్గు ఇంజన్లు 1990ల దాకా తిరిగాయి. కంట్లో నుసి పడిన సంగతి మన అమ్మానాన్నలకు ఇంకా గుర్తే. పిల్లలకు మూడు ప్రశ్నలు ఇచ్చి తాతయ్యనో, అమ్మమ్మనో అడగమనండి.

ఒకటి, మన పట్టాలూ ఇవీ ఒకటేనా? కాదు. ఇక్కడ 1,435 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ 1,676, మీటర్‌గేజ్ 1,000.

రెండు, ఒకే లైను మీద రెండు బండ్లు ఎదురుపడవా? డ్రైవరు చేతిలో ఆ ముక్కకు చెందిన టోకెన్ ఉంటేనే బండి కదలాలి. మన స్టేషన్లలో పెద్ద రింగుకు తగిలించిన సంచిలో పెట్టి డ్రైవరుకు అందించిన లోహపు బంతి అదే.

మూడు, బండి ఆగినప్పుడల్లా ఇంజనుకు నీళ్లెందుకు పట్టేవారు? బొగ్గు మండి ఆ నీళ్లు ఆవిరై, పిస్టన్లను తోసి, చిమ్నీలోంచి పోతాయి కాబట్టి.

రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లుంటే ఆ మాట వాలంటీర్లతో చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే మనవడే దుబాసీ.

బయలుదేరే ముందు

• బండ్లు ప్రతి రోజూ ఉండవు. ఆ రోజు టైంటేబుల్‌తో పాటు, లాగేది ఆవిరి ఇంజనా డీజిలా అన్నదీ చూసుకుని టికెట్ ముందే కొనండి.
• పెట్టెల మెట్లు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నా, వీల్‌చైర్ వాడుతున్నా ముందే ఫోన్ చేసి చెప్పండి.
• పాత పెట్టెలు కొన్నింటిలో టాయిలెట్ ఉండదు. స్టేషన్‌లోనే వెళ్లి రండి.
• పట్టుచీర, తెల్ల చొక్కా వద్దు. మసి పడుతుంది. ఆస్తమా ఉన్నవారు ఇంజనుకు దూరంగా కూర్చోవాలి.
• కిటికీలోంచి తల బయట పెట్టకూడదు. పిల్లలకు ఎక్కకముందే చెప్పండి.
• పులిహోర, దద్ధ్యోజనం డబ్బాలు తెచ్చుకోండి. హోర్‌స్టెడ్ కీన్స్‌లో కూర్చుని తినడానికి చోటుంది.
• కారులో వచ్చేవారికి పార్కింగ్ షెఫీల్డ్ పార్క్‌లో ఉంది. దగ్గర్లోనే నేషనల్ ట్రస్ట్ తోట కూడా ఉంది.

ఇలాంటి రైళ్లు ఎన్నాళ్లుంటాయన్నది నిజమైన ప్రశ్నే. బ్రిటన్ బొగ్గు గనులు మూతపడటంతో బొగ్గు బయటి దేశాల నుంచి రావాలి, దాని ఖర్చు పెరుగుతోంది. వాలంటీర్లలో చాలామంది మన నాన్నగారి వయసువాళ్లే. అమ్మానాన్నలు ఈసారి వచ్చినప్పుడే ఒక రోజు ఇందుకు కేటాయించండి. వచ్చేసారి వాళ్ల మోకాళ్లు ఆ మెట్లు ఎక్కనిస్తాయో లేదో.