ఛిన్నాంగ యోధుల పరస్పర సాహాయ్యము

ఋగ్వేదము ప్రథమమండలమున 116వ సూక్తమునందు విశ్పల యను నామె ప్రస్తావము గలదు. ఖేలుఁడను రాజునకు సంబంధించిన యుద్ధమున రాత్రివేళ నామె కాలు తెగిపోఁగా, నశ్వినులు తత్క్షణమే యినుపకాలు నమర్చిరి. కొందఱు పాశ్చాత్యపండితులు విశ్పలను పందెపుగుఱ్ఱముగాఁ దలఁచిరి గాని, సాయణుఁ డామెను స్త్రీగానే వ్యాఖ్యానించెను. కాలమర్చిన ప్రయోజనమును దెలుపు పదము మంత్రమున ‘సర్తవే’ యనునది. సృధాతువుపైఁ దుమర్థమున వైదికమైన తవేన్ ప్రత్యయము (పాణిని 3-4-9) చేరఁగా నేర్పడిన రూపమిది. ‘కదలుటకు’ అని యర్థము. కాలిచ్చుట వేఱు, కదలించుట వేఱు. దేవవైద్యులకు రెండును నొక్క క్షణముననే సిద్ధించినవి. మనుష్యలోకమున రెండవ కార్యము వైద్యునికంటెఁ, అంతకుముందే కాలు గోలుపోయి నడవ నేర్చిన తోడియోధుని వలననే యెక్కువగా నెఱవేఱినదని చెప్పుటకు నాధారములు గలవు.

1861–65 సంవత్సరముల యమెరికా యంతర్యుద్ధము దీనికి మొదటి సాక్ష్యము. యుద్ధారంభముననే కాలు గోలుపోయిన జేమ్సు హ్యాంగరు అను పదునెనిమిదేండ్ల యువకుఁడు పీపాచెక్కలతోఁ దన కృత్రిమపాదమును దానే నిర్మించుకొని, పిదప నితరసైనికులకును జేసి యిచ్చెను. ఆ కాలముననే ఫిలడెల్ఫియా నగరమున క్షతసైనికులకుఁ జికిత్స చేసిన సైలస్ వియర్ మిచెల్ అను వైద్యుఁడు వింతయైన బాధ నొకదానిని గుర్తించెను. తెగిపోయిన పాదము నొచ్చుచుండును. లేని వ్రేళ్లు ముడుచుకొనిపోయి విప్పరాకుండును. మిచెల్ దీనిని మొదట 1866లోఁ దన పేరు వేయక యొక కల్పితకథగాఁ బ్రకటించెను. 1871లో దానికి ‘ఛాయాంగ’ మను నర్థమిచ్చు పేరు పెట్టెను. అభావమునకు నొప్పి యెట్లు గలుగునని నైయాయికుఁడు పూర్వపక్షము చేయవచ్చును. ఖండింపఁబడిన నాడులయందును మెదడునందును గలుగు మార్పులు దీనికి హేతువులని నేఁటి వైద్యులు చెప్పుచున్నారు. సైనికునకు మాత్రము శాస్త్రసమాధానముకంటె ముందు వేఱొకటి కావలయును. లేని కాలు నొచ్చుచున్నదనినచోఁ బిచ్చివాఁడందురని జంకి యతఁడు పలుకకుండును. ‘నాకును నట్లే యుండెను’ అను మాటను సత్యముగాఁ జెప్పఁగలవాఁడు మఱియొక ఛిన్నాంగుఁడే.

ఈ మాట సంఘరూపము దాల్చుట 1914–18 మహాయుద్ధము వలన జరిగినది. బ్రిటిష్ సైన్యమునందే 41,000 మందికి మించి యవయవములు గోలుపోయిరి. ఇంగ్లండునందు రోహాంప్టనున 1915లోఁ బ్రత్యేకవైద్యశాల వెలసినది. కెనడాదేశమున 1918లో ఛిన్నాంగులైన సైనికులే కూడి తమ కొక సంఘమును స్థాపించుకొనిరి. దానికి మూలపురుషుఁడు సిడ్నీ లాంబర్టు. క్రైస్తవపురోహితుఁడు, యుద్ధమునఁ గాలు గోలుపోయినవాఁడు. రెండవ మహాయుద్ధమునుండి క్షతగాత్రులు మరలి వచ్చునప్పటికిఁ బూర్వయుద్ధపు వృద్ధులు వారికి మార్గదర్శకులై యుండిరి. ఇట్టివారు నేర్పునవి చిన్నవిగాఁ దోఁచును గాని చిన్నవి కావు: మొండి మొదటి నెలలలోఁ గ్రుంగి కృత్రిమాంగపు గిన్నె వదులైనపుడు మేజోళ్లెన్ని తొడుగవలెను, పడినపు డెట్లు లేవవలెను, వీధిలోఁ జూచువారి చూపుల నెట్లు సహింపవలెను. 1946లో నా సంఘము తాళపుచెవులకుఁ గట్టు సంఖ్యాంకితమైన చిన్న బిళ్లలు తయారుచేసి పంచసాగెను. దారిలోఁ బడిపోయిన తాళపుచెవులు దొరకినవాఁడు తపాలాపెట్టెలో వేసిన, సంఖ్య వలన యజమానునకు జేరును. సైనికులకు దీనివలన దానము గాక వేతనము లభించెను. జాలి చూపినవారు చేయలేని మేలు బిళ్లలు చేసినవనుట యతిశయోక్తి గాదు. 1975లో నా సంఘమే ఛిన్నాంగులైన బాలబాలికలకుఁ బ్రత్యేకముగా నొక ప్రణాళిక నేర్పఱచెను.

భారతదేశమున సైన్యమువారి కృత్రిమాంగకేంద్రము 1944లోఁ బుణెయందు నెలకొన్నది. 1971 యుద్ధమున మందుపాతరపై నడుగిడి, నలిగిన తన కాలిని దన ఖుక్రీతోనే ఖండించుకొనిన ఇయాన్ కార్డోజో, పిదప బెటాలియను నాయకత్వము వహించిన ప్రథమ ఛిన్నాంగసేనాని యయ్యెను. ఇట్టి దృష్టాంతము దూరమునుండి ధైర్యమిచ్చును గాని మంచముచెంతఁ గూర్చుండదు. ఆ కొఱఁత దీర్చు ప్రయత్నములలో నొకటి, 1999 కార్గిల్ యుద్ధమున మోర్టారు గుండు వలన గాయపడి కాలు గోలుపోయి, కృత్రిమపాదముతో దూరపుఁ బరుగుపందెములలోఁ బాల్గొనిన మేజర్ డి. పి. సింగు 2011లో స్థాపించిన ‘ది ఛాలెంజింగ్ వన్స్’ సంఘము. సైనికులు గాని ఛిన్నాంగులకును దానియందుఁ బ్రవేశము గలదు.