చప్పుడు చెయ్యని బ్యాటు

ఏలూరులో మా మేడమీద పిల్లలు పింగ్‌పాంగ్ మొదలెట్టారంటే నా మధ్యాహ్నం కునుకు మరిచిపోవలసిందే. టిక్కు, టక్కు! ఆ చప్పుడు వినబడకపోవడం వల్లే ఒకప్పుడు పెద్ద తగువొచ్చిందంటే నమ్ముతారా?

1952లో బొంబాయిలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు జరిగాయి. ఆసియాలో అవే మొదటివి. జపాన్ నుంచి హిరోజీ సాతో అనే కళ్ళజోడు మనిషి వచ్చాడు. అప్పటిదాకా పెద్ద ఆటగాళ్ళ బ్యాట్లకి బుడిపెల రబ్బరుండేది. ఇతని బ్యాటుకి మందపాటి స్పాంజి! బంతి తగిలితే చప్పుడే లేదు. ఎదుటివాడి దెబ్బ ఎంత గట్టిదో చెవితో పోల్చుకునే మహామహులు తికమకపడ్డారు. సింగిల్స్ ఫైనల్లో హంగరీ ఆటగాడు కోచియాన్‌ని సాతో ఓడించేశాడు. బల్ల దగ్గర ఆట ముగిసినా బయట వాదన ముగియలేదు. ఇదేం ఆటని కొందరు, వద్దని రూల్సులో ఎక్కడుందని కొందరు. నిజంగానే లేదు. నాకైతే అందులో మోసమేమీ కనిపించదు. ఏడేళ్ళు నాన్చి, 1959లో గాని ఒట్టి స్పాంజి కూడదనీ, రబ్బరుతో కలిపి 4 మిల్లీమీటర్లు మించకూడదనీ తేల్చలేదు.

ఈ గోలలో ఆడవాళ్ళని ఎవరు తలుచుకున్నారు? ఆ బొంబాయిలోనే జపాన్ అమ్మాయిలు నిషిమురా, నరహరా టీము కప్పూ, డబుల్సూ కూడా పట్టుకుపోయారు. అన్నట్టు, అప్పుడు మన జాతీయ ఛాంపియన్ హైదరాబాదు పిల్ల సయ్యద్ సుల్తానా. 1949లో మొదలుపెట్టి 1954 దాకా ఆవిడదే పైచెయ్యి. 1956లో కుటుంబంతో పాకిస్తాన్ వెళ్ళిపోయింది. అక్కడా ఛాంపియనే అయింది.