నిలకడ ద్రవంలో కదిలే కడ్డీ

నిలకడగా ఉన్న ద్రవంలో కడ్డీని లాగితే దాని వెనక ఏం జరుగుతుంది? ఈ ప్రశ్న దగ్గర గణితం మొదట్లోనే చేతులెత్తేసింది. 1851లో స్టోక్స్ గోళం మీద పనిచేసే నిరోధాన్ని లెక్కకట్టాడు. పొడవాటి స్థూపం దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతిలో సమాధానమే దొరకలేదు. అందుకే ఈ చరిత్రలో పెద్దపీట ప్రయోగానిదే.

1878లో స్ట్రౌహల్ తీగను చట్రానికి బిగించి గాలిలో తిప్పి, అది పలికే స్వరాన్ని కొలిచాడు. వేగం పెరిగితే స్వరం హెచ్చింది, తీగ లావైతే తగ్గింది. 1908లో ఫ్రాన్సులో బెనార్ ద్రవంలో అడ్డంకిని కదిలించి, వెనక అటొకటి ఇటొకటిగా విడివడే సుడుల ఫోటోలు ప్రచురించాడు.

గోటింగెన్‌లో మాత్రం కడ్డీ కదలలేదు, నీరు కదిలింది. అక్కడ ప్రాంట్ల్ శిష్యుడు హీమెంజ్ స్థూపం మీద పీడనాన్ని కొలవబోతే ప్రవాహం ఊగుతూనే ఉంది. స్థూపం సరిగ్గా గుండ్రంగా లేదేమోనని నునుపు చేశాడు, ఊగిసలాట ఆగలేదు. కాలువ గోడలను సరిచేశాడు, అయినా ఆగలేదు. అక్కడే ఉంటూ రోజూ పొద్దున్నే ఆ కబురు అడిగే కార్మన్‌కు చివరికి అది పరికరం లోపం కాదని తట్టింది. ఎదురెదురుగా ఉండే సుడుల వరసలు నిలవలేవనీ, ఒకదాని సందులకు ఎదురుగా మరొకదాని సుడులు వచ్చేలా జరిగిన వరసలు మాత్రం, వరసల మధ్య దూరానికీ ఒకే వరసలోని సుడుల మధ్య దూరానికీ నిష్పత్తి 0.281 అయితే నిలుస్తాయనీ 1911-12లో లెక్కతేల్చాడు. పారే నీటితో ఉన్న చిక్కు ఇదే. ఊగింది ప్రవాహమా, పరికరమా అన్న సందేహం వదలదు. నిశ్చల ద్రవంలో కడ్డీని కదిలిస్తే ఆ సందేహం చాలావరకు తీరుతుంది.

1956లో తనేదా ఆ దారే పట్టాడు. కడ్డీ వేగం, మందం, ద్రవపు చిక్కదనాలను కలిపి చెప్పే రెనాల్డ్స్ సంఖ్య 5 దగ్గర కడ్డీని అంటుకుని జంట సుడులు పుట్టడం చూశాడు. 1977లో కుటాన్సో, బువార్ చిక్కటి నూనె నింపిన తొట్టెలో స్థూపాన్ని కదిలించి, ఆ జంట పొడవునూ, గోడలు దగ్గరైతే వచ్చే మార్పునూ కొలిచారు. ఈ రంగంలో ఓర్పుకు అంతకుమించిన ఉదాహరణ నాకు కనబడదు.

మనవైపు చూస్తే, స్థూపాల వెనక సుడులను పరిశోధించిన రోష్కోతో పాటు సతీష్ ధావన్, రొద్దం నరసింహ కూడా కాల్‌టెక్‌లో లీప్‌మన్ దగ్గరే చదివారు. 1972లో నరసింహ, ప్రభు బెంగళూరులో, అడ్డంకి వెనక ఏర్పడే సంక్షుభిత ప్రవాహపు జాడ ఎలా సమతాస్థితికి చేరుతుందో పరిశీలించారు.

భిలాయి వంటి ఉక్కు పట్టణానికి ఈ సుడుల కథ పుస్తకాల ముచ్చట కాదు. 3 మీటర్ల వ్యాసమున్న ఉక్కు చిమ్నీ మీద సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే, సుడులు దాన్ని 3 సెకన్లకు రెండుసార్లు పక్కకు ఊపుతాయి. చిమ్నీ సహజ కంపనం దానికి దగ్గరైతే ప్రమాదం. పైభాగాన మెలితిరిగిన రెక్కలు బిగించేది అందుకే.

భిలాయిలోని కోహ్కా-కురుద్ రోడ్డు ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులకు కడ్డీని లాగే ఈ ప్రయోగం అందని పని కాదు. మీటరు పొడవు నీటి తొట్టె, సెంటీమీటరు కడ్డీ, ఒక చుక్క రంగు, నెమ్మదిగా తిరిగే మోటారు చాలు. సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున లాగితే రెనాల్డ్స్ సంఖ్య దాదాపు 100 అవుతుంది. ఆరు సెకన్లకోసారి చెరోవైపు ఒక్కో సుడి విడివడుతుంది. తర్వాత గోడలను దగ్గరికి జరిపి మళ్ళీ కొలవాలి.