ఐదవ బొమ్మ ఏమైనది?

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1981లో విడుదల చేసిన టీఐ-99/4ఏ అను గృహ కంప్యూటరులో, టెలివిజన్ తెరపై బొమ్మలు వేయు పని యంతయు టీఎంఎస్9918ఏ అను చిప్‌దే. నలుబది కాళ్లు గల యీ చిప్ అడ్డముగా 256, నిలువుగా 192 చుక్కలతో, 15 రంగులతో చిత్రమును కూర్చును. దానికి 16 కిలోబైట్ల మెమొరీ ప్రత్యేకముగా కలదు. ప్రధాన ప్రాసెసరుకు నేరుగా అందు రామ్ 256 బైట్లు మాత్రమే! అందుచే బేసిక్ భాషలో వ్రాసిన ప్రోగ్రాము సైతము ఈ చిప్ మెమొరీలోనే ఉండెడిది. ఇంటి ధాన్యమంతయు చిత్రకారుని గదిలో దాచినట్లన్నమాట.

ఆటలలో కదలు చిన్న బొమ్మలను స్ప్రైట్‌లందురు. ఈ చిప్ 32 స్ప్రైట్‌లను ఆడించగలదు. కాని ఏ అడ్డుగీతపైనను నాలుగే కనబడును, ఐదవది మాయమగును. కారణమేమి? టెలివిజన్ ఒక గీతను గీయుటకు పట్టు కాలము సుమారు 64 మైక్రోసెకనులు. అంతలో చిప్ తన మెమొరీని దాదాపు 170 మారులు మాత్రమే చదువగలదు. తెర వెడల్పున 32 గళ్లున్నవి. ఒక్కొక్క గడికి మూడేసి చొప్పున వెనుకటి దృశ్యమునకే 96 పోవును. ఏ స్ప్రైట్ ఆ గీతపై నున్నదో చూచుటకు మరి 32. ప్రాసెసరుకును కొంత వాటా వదలవలెను. మిగిలినది నాలుగు బొమ్మలకే చాలును.

ఆటలు వ్రాసినవారు ఊరకుండలేదు. కొందరు ముందుండు బొమ్మలను క్షణక్షణము మార్చిరి. అందుచే అవి మిణుకుమిణుకు మనెడివి. మరికొందరు లోపమునే పనిముట్టుగా చేసికొనిరి. ఒక గీతపై రంగులేని నాలుగు స్ప్రైట్‌లను ముందుంచినచో, వాని తరువాతి బొమ్మ తెరచాటునకు పోయినట్లు మాయమగును!

1985లో ఎంఎస్ఎక్స్2 కంప్యూటర్లకై వచ్చిన వీ9938 చిప్ క్రొత్త పద్ధతులలో గీతకు ఎనిమిది బొమ్మలను చూపెను. పాత పద్ధతులలో నాలుగే. అయితే దానికి 64 కాళ్లు. పాత సాకెట్టులో పట్టదు.

2012లో ఒక అమెరికన్ రూపొందించిన ఎఫ్18ఏ అను చిన్న పలక ఆ నలుబది కాళ్ల సాకెట్టులోనే కూర్చుండును. దానిలోనిది ఎఫ్‌పీజీఏ, అనగా లోపలి తర్కవలయములను రూపకర్తయే కోరినట్లు అమర్చుకొనగల చిప్. మెమొరీ కూడ దానిలోనే యున్నది. పాత మెమొరీ చిప్‌లు పనిలేక కూర్చుండును. చిత్రము వీజీఏ తెరపైకి వచ్చును. సమయపు కరవు తీరినది గనుక 32 బొమ్మలను ఒకే గీతపై చూపవచ్చును. కాని అట్లు చూపినచో తెరచాటు ఆటలు చెడును! కావున నాలుగా, ముప్పదిరెండా అనునది ఒక జంపరు తీగతో ఎన్నుకొనునట్లు ఏర్పాటు చేసిరి.

క్రొత్త సౌకర్యములకు క్రొత్త రిజిస్టర్లు కావలెను. పాత చిప్‌లో నున్నవి ఎనిమిదే. రిజిస్టరు సంఖ్యలో కడపటి మూడు బిట్లనే అది చూచును. కనుక 57వ దానిలో వ్రాసినది ఒకటవ దానికి చేరును. పాత ప్రోగ్రాములు పొరపాటున క్రొత్త రిజిస్టర్లను కదలింపకుండ వానికి తాళము వేసిరి. 57వ రిజిస్టరులో ఒక నిర్ణీత సంఖ్యను వరుసగా రెండుమారులు వ్రాసిననే ఆ తాళము తెరచుకొనును.