కొండ దిగిన బాలకృష్ణుడు

ఇంటికి చుట్టాలొస్తే చూపించడానికి మన దగ్గర ఏముందమ్మా అని చిన్నప్పుడు మా అమ్మను అడిగాను. వరికుంటపాడు నుంచి ఎటు చూసినా మెట్ట పొలాలే. సముద్రం లేదు, ఏరు నిండుగా పారదు. అమ్మ కొండల వైపు చెయ్యి చూపించి, "దుర్గం ఉంది కదరా" అంది. అప్పట్లో నాకది సమాధానంలా తోచలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా నేనూ అదే చెబుతున్నాను.

వచ్చినవాళ్లు మాత్రం ఆ దుర్గం ఉన్న ఉదయగిరిని బస్సు కిటికీలోంచి చూసి సరిపెట్టుకుంటారు. తిరుమల వెళ్లొస్తారు, హంపి వెళ్లొస్తారు, మద్రాసు వెళ్లి మ్యూజియం చూసొస్తారు. నిజానికి ఆ మూడు చోట్లా మా కొండకు వాటా ఉంది. ఒక విగ్రహం ఇక్కడ బయల్దేరిన కథలో ఆ మూడు ఊళ్లూ కలుస్తాయి. ఆ కథ తెలిసి ఒకసారి కొండెక్కినవాళ్లకు హంపి మరోలా కనిపిస్తుంది.

ఉదయగిరి దుర్గం ఎత్తు 3,079 అడుగులు. వెలికొండల వరసలో నిటారుగా లేచి ఉంటుంది. మొత్తం 13 కోటలనీ, కొండమీద 8, కింద 5 అనీ పాత గెజిటీర్లు లెక్క చెబుతాయి. కొన్నివైపుల గోడ కట్టాల్సిన అవసరమే రాలేదు, కొండ చరియే గోడ. దీన్ని కట్టింది లాంగూల గజపతి అని ఊళ్లో చెప్పుకుంటారు, గెజిటీర్లూ ఆ మాటే రాసుకున్నాయి. శాసనాలు చూస్తే గట్టిగా చెప్పగలిగేది విజయనగరం తొలినాళ్ల సంగతి. హరిహర బుక్కరాయల సోదరుడు కంపన ఇక్కడినుంచే తూర్పు సీమ ఏలాడు. అతని తర్వాత కొడుకు రెండో సంగముడు. ఈ తండ్రీ కొడుకులిద్దరి దగ్గరా మంత్రిగా ఉన్నది సాయణాచార్యుడు, వేదాలకు భాష్యం రాసిన సాయణుడే. 1356 నాటి బిట్రగుంట శాసనాన్ని రాసిన భోగనాథుడు ఆయన తమ్ముడు. వేదభాష్యకారుడు మంత్రిగా తిరిగిన నేల ఇదని మా బడిలో ఒక్క మాస్టారూ చెప్పలేదు. నాకు ముప్పై దాటాక తెలిసింది. తెలిసిన రోజున ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను.

పదిహేనో శతాబ్దంలో కోట ఒడ్డె గజపతుల చేతిలోకి పోయింది. విజయనగరానికి అది మానని పుండు. సాళువ నరసింహరాయలు 1491లో కన్నుమూసేముందు, తన తర్వాతివాళ్లు గెలిచి తీరాలని మూడు కోటల పేర్లు చెప్పి పోయాడనీ, అందులో ఉదయగిరి ఒకటనీ న్యూనిజ్ రాశాడు. ఈ న్యూనిజ్ పోర్చుగీసువాడు. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉండి, అక్కడ విన్నదీ కన్నదీ తన భాషలో రాసిపెట్టాడు. ఆ రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో పడి ఉంటే డేవిడ్ లోపెజ్ అనే పండితుడు 1897లో లిస్బన్‌లో అచ్చు వేయించాడు. 1900లో రాబర్ట్ సూయల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మా కొండమీద జరిగిన యుద్ధం ఎలా సాగిందో మాకు తెలియడానికి ఇంత చుట్టు తిరగాల్సి వచ్చింది.

కృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కి, 1513లో ఉదయగిరి మీదికి వచ్చాడు. ఆయన వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోటలో ఉన్నది 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు. అంతకుమించి అక్కర్లేదు, ఆకలికి మాడ్చి తప్ప ఆ కోటను గెలవలేరు అంటాడు న్యూనిజ్. పైకి ఒకటే దారి, అదీ ఒకరి వెనక ఒకరు నడిచేటంత సన్నం. రాయలు ఏడాదిన్నర ముట్టడి వేశాడు. ఆ ఏడాదిన్నరలో చేయించిన పనిలో ఎక్కువ భాగం కత్తిపని కాదు, రాతిపని. పెద్ద పెద్ద గుండ్లు పగలగొట్టించి, కొండ చుట్టూ బాటలు వేయించి, సన్నదారిని వెడల్పు చేయించి, చివరికి బురుజుల దాకా సైన్యాన్ని చేర్చాడు.

ఈ సంగతి చదివి ఎక్కినవాడికి కాళ్ల కింద ప్రతి రాయీ పలుకుతుంది. కిందటి కార్తీకంలో తెల్లవారుజామున బయల్దేరి ఎక్కాను. మొదట్లో మెట్లు మెట్లుగానే ఉంటాయి. పోను పోను రాళ్లు కదిలిపోయి, మధ్యలో కంప మొలిచి, ఏది మెట్టో ఏది బండో తెలియదు. ఒక మలుపులో బండ అంచు తెగ్గొట్టినట్టు నున్నగా ఉంది. అది రాయల మనుషులు కొట్టిందని నేను అనను, ఆ తర్వాతా ఎందరో ఈ దారిని బాగుచేసుకుని ఉంటారు. చెయ్యి పెట్టి చూశాను, పొద్దు పొడవకముందే రాయి గోరువెచ్చగా ఉంది. నిన్నటి ఎండ ఇంకా దాని లోపలే ఉంది. మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన కిందికి దిగుతున్నాడు.

"యాడదాకా పోతావు నాయనా?"

"పై దాకా తాతా."

"నీళ్లు తెచ్చుకున్నావా? ఎండెక్కకముందే దిగొచ్చెయ్. పైన కోనేరు ఉండాది గానీ ఆ నీళ్లు తాగబాకు."

ఏడాదిన్నర లోపలివాళ్లు బతికింది వాన నీళ్లు పట్టిన అలాంటి కోనేర్ల మీదే కదా అనుకున్నాను. ఎండ నడినెత్తికి రాకముందే నా రెండు సీసాలూ అయిపోయాయి.

1514లో కోట పడింది. గజపతి బంధువు తిరుమల రాహుత్తరాయడు పట్టుబడ్డాడు. న్యూనిజ్ అయితే గజపతి మేనత్త దొరికిందనీ, రాయలు ఆమెను మర్యాదగా తన వెంట తీసుకుపోయాడనీ రాశాడు. తిరుగుదారిలో ఆ ఏడు జూలై 6న రాయలు తిరుమల ఎక్కి, శ్రీవారికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించాడు. ఆ శాసనం తిరుమల గోడమీద ఉంది, అందులో ఉదయగిరి గెలుపు మాటా ఉంది. పెద్దన మనుచరిత్ర పీఠికలో రాయల దండయాత్రను ఉదయాద్రి నుంచే మొదలుపెట్టాడు. ఉదయాద్రి అంటే పురాణాల్లో సూర్యుడు పొడిచే కొండ కూడా. అంతటి కవికి ఆ పేరు ఊరికే దొరికిన వరం.

రాయలు ఉదయగిరి నుంచి తీసుకుపోయిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఒక పసివాడి విగ్రహం. ఇక్కడి గుడిలో పూజలందుకుంటున్న బాలకృష్ణుణ్ణి ఆయన విజయనగరం తరలించాడు. అప్పటి రాజులకు అది కొత్త కాదు. గెలిచిన సీమ దేవుణ్ణి సొంత ఊరికి తెచ్చి నిలపడం అంటే ఆ సీమ ఇక మనదని చాటడమే. కానీ రాయలు దేవుణ్ణి తెచ్చి ఓ మూల పెట్టలేదు. కృష్ణుడి పేరు తనది, తెచ్చినది కృష్ణుణ్ణి. ఆ బిడ్డ కోసం కొత్త పేట కట్టించాడు, కృష్ణాపురం అని. కొత్త గుడి, ఎదురుగా బజారు, కోనేరు. 1515 ఫిబ్రవరిలో ప్రతిష్ఠ. ఉదయగిరి నుంచి తెచ్చిన సంగతీ, గుడికి ఇచ్చిన ఊళ్లూ మాన్యాలూ చెక్కించిన పెద్ద రాతిపలక ఇప్పటికీ ఆ గుడి దగ్గర నిలబడి ఉంది.

హంపి వెళ్లేవాళ్లు ఈ కృష్ణాలయం దాటే ఉగ్రనరసింహుడి దగ్గరికి పోతారు. 1528 నాటి ఆ ఒంటిరాతి విగ్రహం దగ్గర ఫొటోలు దిగే తొందరలో కృష్ణుడి గుడి గోపురాన్ని తలెత్తి చూసేవాళ్లు తక్కువ. చూడండి. గోపురం మీద గచ్చుబొమ్మల్లో డాళ్లు పట్టిన బంట్లు, గుర్రాలు, ఏనుగులు. అది మా కొండ యుద్ధం. గర్భగుడి మాత్రం ఖాళీ.

ఆ పిల్లవాడు గుడిలో ఒక్కచోటే కూర్చోలేదు, నాణెం మీదికీ ఎక్కాడు. కృష్ణదేవరాయల బంగారు వరహాల్లో అందరూ ఎరిగినది బాలకృష్ణుడి వరహా. మూడున్నర గ్రాముల లోపు బంగారం, చిటికెనవేలి గోరంత నాణెం. దానిమీద ఒక మోకాలు పైకెత్తి, చేతిలో వెన్నముద్ద పట్టుకుని, అటూ ఇటూ శంఖచక్రాలతో కృష్ణుడు. వెనకవైపు నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని. ఉదయగిరి గెలుపుకు గుర్తుగానే ఈ రూపాన్ని ఎంచుకున్నాడని నాణేలు చదివిన పండితులు చాలామంది అంటారు. నేనూ అదే నమ్ముతాను. అరేబియా గుర్రాల బేరానికి వచ్చినవాళ్ల చేతుల్లోనూ, బజారులో ముత్యాలమ్మేవాళ్ల చేతుల్లోనూ ఆ వెన్నముద్ద మెరిసే ఉంటుంది.

ఇక్కడ కొండకు మిగిలిందేమిటంటే, రాయలు ఉదయగిరి సీమను రాయసం కొండమరుసయ్య చేతికి అప్పగించాడు. ఆత్మకూరు పక్కన అనంతసాగరం చెరువు ఆయన వేయించిందే. ఒకే ఏలుబడి మా దేవుణ్ణి పట్టుకుపోయింది, మాకు చెరువు తవ్వించింది. మెట్టవాళ్లకు చెరువు చిన్న సంగతి కాదు. దుర్గం చూసినవాళ్లు ఆ చెరువు కట్టమీద కూడా ఒకసారి నిలబడితేనే కథ పూర్తవుతుంది.

1565 తర్వాత విజయనగరం పాడుబడింది. ఉదయగిరి గోల్కొండ సుల్తానుల కిందికి వచ్చింది. కొండమీద మసీదు, దాని పారసీ శాసనాలు అబ్దుల్లా కుతుబ్ షా కాలం నాటివి. తర్వాత జాగీర్దార్లు. ఆఖరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ తమమీద కుట్ర పన్నుతున్నాడని 1840కి కాస్త అటూ ఇటూగా కుంఫిణీవాళ్లు జాగీరు లాగేసుకున్నారు. కింద ఊళ్లో రంగనాయకుల గుడి గాలిగోపురం, దానికి కూతవేటు దూరాల్లో మసీదులు, ఒకే నడకలో చూసి రావచ్చు.

ఆ ముస్లిం కుటుంబాల చేతుల్లోనే ఉదయగిరికి ఇంకో పేరొచ్చింది. కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులు. కొండ అడవిలో దొరికే నర్ది, బిక్కి, కలివి లాంటి కర్రతో చేస్తారు. ఒక ఇంట్లో ఒక అమ్మ చెంచా పిడికి ఆకురాయి పెట్టి రుద్దుతుంటే చాలాసేపు చూశాను. పిడి అంచున సన్నని జాలీ, మసీదు కిటికీల్లో ఉండే అల్లికలాంటిదే. కర్రపొడి ఆమె ఒళ్లో పిండిలా రాలుతోంది. చెంచాను వెలుతురుకు పట్టి చూసుకుని, ఒక రంధ్రం మరో రంధ్రం కన్నా వెంట్రుకవాసి పెద్దదైందని పక్కన పెట్టేసింది. నా కంటికి తేడా ఏమీ ఆనలేదు. ఈ పనికి ఊరి పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉదయగిరి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోవద్దని నా మనవి. ఒక గరిటె కొనుక్కుంటే ఒక ఇంటి పొయ్యి వెలుగుతుంది.

ఊళ్లో కృష్ణుడి గుడి అని చూపించే పాడుబడ్డ ఆలయం దగ్గరికి చివరికి వెళ్లాను. కోటలోనూ ఈ గుళ్లలోనూ గుప్తనిధుల ఆశతో ఎవరెవరో తవ్విన గుంటలున్నాయి. నంది కింద, ధ్వజస్తంభం మొదట్లో, ఆఖరికి గర్భగుడి నేలలోనూ. నాకు నిజంగా కడుపు రగిలిపోయింది. ఇక్కడి నిధి అయిదు వందల ఏళ్ల కిందటే బండెక్కి పోయిందని వాళ్లకు ఎవరు చెబుతారు?

ఆ నిధి ఇప్పుడు చెన్నైలో ఉంది. హంపి గుడి పాడుబడ్డాక దెబ్బతిన్న ఆ బాలకృష్ణ విగ్రహం ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి శిల్పాల కోసం మనవాళ్లు గంటలు గంటలు తిరుగుతారు. ఈ పిల్లవాడి గురించి అడిగేవాళ్లు తక్కువ. ఉదయగిరి నుంచి నెల్లూరుకు బస్సు, నెల్లూరు నుంచి చెన్నైకి రైలు. ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. ఈ సెలవుల్లో మా వీధి పిల్లలు తొమ్మిది మందిని తీసుకెళ్తున్నాను. ముందు వాళ్లచేత దుర్గం ఎక్కించాను. ఒక పిల్ల కొండమీద తవ్విన గుంట పక్కనున్న రాయి ముక్క ఒకటి ఏరి జేబులో వేసుకుంది. ఎందుకే అంటే, "కృష్ణుడికి చూపిస్తా మామా" అంది.