డెన్మార్కు బీరునకు పొరుగింటి తోడు

ఇంట తోడు లేనినాడు పొరుగింటినుండి చెంచాడు పెరుగు తెచ్చి పాలలో వేయుట మనకు వాడుక. తోడు మంచిదైన పెరుగు కమ్మగా నుండును. చెడ్డదైన కుండెడు పాలును చెడును. డెన్మార్కు దేశపు బీరు చరిత్రయు ఇట్టిదే.

మొలకెత్తించి ఎండించిన బార్లీని నలుగగొట్టి, వేడినీట నానవేసి, తియ్యని రసము తీయుదురు. ఈస్టు అను శిలీంధ్రము అందలి చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. డేనులు పూర్వము వాడిన ఈస్టు వెచ్చదనమున త్వరగా పనిచేసి నురుగుతో పైకి తేలెడిది. బవేరియా వారి ఈస్టు చల్లని నేలమాళిగలలో మెల్లగా పనిచేసి అడుగునకు దిగును. ఆ బీరు తేటగా నుండి, ఎక్కువ కాలము నిలువయుండును.

కోపెన్‌హాగెను వాసి జె. సి. యాకబ్సెన్ ఈ విద్యకై మ్యూనికు నగరమునకు పోయెను. 1845లో అచ్చటి స్పాటెన్ కర్మాగారపు గాబ్రియేల్ సెడ్ల్‌మాయర్ వద్దనుండి ఈస్టు తీసికొని గుర్రపుబండిలో బయలుదేరెను. అది వేడికి చావకుండ మజిలీ మజిలీకి చన్నీళ్లు పోయుచు తెచ్చెనని చెప్పుదురు. 1847లో అతడు కార్ల్స్‌బెర్గు కర్మాగారమును నెలకొల్పెను. అక్కడ ఒక విడతలో మిగిలిన ఈస్టునే మరుసటి విడతకు తోడుగా వాడిరి.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చర్ పరిశోధనలు యాకబ్సెన్‌ను మిగుల ఆకర్షించెను. అతడు 1875లో ఒక ప్రయోగశాలను స్థాపించెను. 1883లో అతని బీరే చెడి చేదెక్కెను. బీరును చెరచునవి బాక్టీరియాలని పాశ్చర్ చూపియుండెను. కాని ప్రయోగశాలలోని ఎమిల్ క్రిస్టియన్ హన్సెన్, మంచి ఈస్టుతో అడవి ఈస్టులు కలియుటయే ఈ చేటునకు కారణమని కనుగొనెను. అతడు ఈస్టు కలిసిన ద్రవమును మిక్కిలి పలుచన చేసి, ఒకే కణమును వేరుపరచి, దాని సంతతినే పెంచెను. ఆ యేడే ఆ శుద్ధమైన ఈస్టు కర్మాగారమున వాడుకలోనికి వచ్చెను, బీరు బాగుపడెను.

ఈ రహస్యమును దాచియుంచిన యాకబ్సెన్‌కు ఎంతో లాభము వచ్చియుండెడిది. కాని ప్రాముఖ్యముగల ఏ ఫలితమును రహస్యముగ నుంచరాదని ప్రయోగశాల నిబంధనలలోనే కలదు. అతడు శుద్ధమైన ఈస్టును ఇతరులకు ఉచితముగ నిచ్చెను. హన్సెన్ పద్ధతి ఇతర దేశములకును ప్రాకెను.

విద్యార్థులు లిట్మసుతోబాటు నేర్చుకొను పి.హెచ్. కొలమానము సైతము ఈ ప్రయోగశాలలోనే 1909లో పుట్టినది. దానిని కల్పించినవాడు సోరెన్సెన్. పొరుగుదేశపు తోడుతో మొదలైన పని, ఈ విధముగ అన్ని దేశముల పాఠశాలలకును చేరినది.