చంద్రుడి అవతలి వైపు గ్రానైట్

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే దారిలో రాళ్లకు కరువు లేదు. గుట్టల మీద గుండ్లు, చేల మధ్య బండలు, కుప్పం వైపు లారీల మీద క్వారీ దిమ్మెలు. వ్యాపారంలో నున్నగా మెరుగుపట్టే ప్రతి గట్టి రాయీ గ్రానైటే. భూగర్భ శాస్త్రవేత్తలు అంత ఉదారులు కారు. పాత చిత్తూరు జిల్లా నల్ల గ్రానైట్‌లో చాలా మటుకు వాళ్ల లెక్కలో డోలరైట్. క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ తగుపాళ్లలో ఉంటేనే వాళ్లు గ్రానైట్ అని ఒప్పుకుంటారు.

ఆ గ్రానైట్ భూమి బయట మహా అరుదు. కారణం నీళ్లు. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా కరిగి, విడివడి, మళ్లీ కరుగుతూ పోతే చివరికి సిలికా ఎక్కువున్న ద్రవం మిగిలి గ్రానైట్‌గా గడ్డకడుతుంది. చంద్రుడు పొడిబారిన గోళం. అపోలో యాత్రికులు మోసుకొచ్చిన 382 కిలోల రాళ్లు, మట్టిలో గ్రానైట్ దొరికింది చిన్న చిన్న తునకలుగానే.

1998లో లూనార్ ప్రాస్పెక్టర్ అనే అమెరికా నౌక చంద్రుడి చుట్టూ తిరుగుతూ గామా కిరణాలను కొలిచింది. అవతలి వైపు, కాంప్టన్, బెల్కోవిచ్ అనే రెండు బిలాల మధ్య థోరియం ఒక్కచోటే పోగుపడి కనిపించింది. 2009లో వెళ్లిన ఎల్‌ఆర్‌ఓ నౌక అక్కడి ఫొటోలు తీసింది, నేల విడుదల చేసే వేడిని బట్టి రాతిలో సిలికా ఎంతుందో చూసింది. అది పాత అగ్నిపర్వతమని 2011లో శాస్త్రవేత్త బ్రాడ్ జోలిఫ్ బృందం తేల్చింది.

ఈ కథలో మన వంతూ ఉంది. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-1, నాసా ఇచ్చిన ఎం-త్రీ పరికరంతో చంద్రుడి మీద నీటి జాడ పట్టిన సంగతి అందరికీ తెలుసు. అదే సమాచారాన్ని తిరగేసిన అహ్మదాబాద్ ఇస్రో పరిశోధకులు 2013లో ఈ అగ్నిపర్వతం దగ్గరా నీటి జాడైన హైడ్రాక్సిల్ ఉందన్నారు. అది చంద్రుడి లోపలి నుంచి వచ్చిందన్నది వాళ్ల వాదన. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన మలుపు ఇది. గ్రానైట్‌కు నీళ్లు కావాలన్న పాత చిక్కుముడికి ఇక్కడో కొస దొరికింది.

అసలు ఆశ్చర్యం మాత్రం చైనా నౌకల నుంచి వచ్చింది. చాంగే-1 2007లో, చాంగే-2 2010లో వెళ్లాయి. రెండింటిలోనూ మైక్రోవేవ్ రేడియోమీటర్లు ఉన్నాయి. ఎండాకాలం రాత్రి బండ మీద కూర్చుంటే తగిలే వేడి పగటి ఎండది. చంద్రుడి పైపొర వేడీ అలాంటిదే. పొడవైన మైక్రోవేవ్ తరంగాలు ఆ పొర కింద, ఇంకా లోతున ఉన్న వేడిని చెబుతాయి. మాథ్యూ సీగ్లర్, జియాన్‌చింగ్ ఫెంగ్ తదితర పరిశోధకులు అందరికీ అందుబాటులో ఉన్న ఆ కొలతలను విశ్లేషిస్తే, ఆ అగ్నిపర్వతం చుట్టుపక్కల కన్నా వేడిగా ఉంది. పైకొచ్చే ఉష్ణం చదరపు మీటరుకు సుమారు 180 మిల్లీవాట్లు, అంటే చంద్రుడి ఎత్తైన ప్రాంతాల సగటుకు దాదాపు 20 రెట్లు. ఆ అగ్నిపర్వతం చల్లారి ఏనాడో 350 కోట్ల ఏళ్లయింది, కాబట్టి లావా వేడి కాదు. యురేనియం, థోరియం చివర మిగిలిన ద్రవంలోకే చేరతాయి కనుక గ్రానైట్‌లో అవి ఎక్కువ, వాటి క్షయం వల్లే ఈ వేడి. ఇంత వేడికి సుమారు 50 కిలోమీటర్ల వెడల్పు గ్రానైట్ దిమ్మె అడుగున ఉండాలని 2023 జులైలో నేచర్ పత్రికలో రాశారు.

నేల కింది వేడి తెలుసుకోవాలంటే మన దగ్గర హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు బోర్లలోకి థర్మామీటర్లు దింపుతారు. చంద్రుడి మీద మనుషులు అలా రంధ్రం వేసి వేడి కొలిచింది అపోలో 15, 17 యాత్రల్లోనే, అదీ ఇవతలి వైపే. ఈ అగ్నిపర్వతం మీద ఒక్క సుత్తి దెబ్బ కూడా పడలేదు. అంత గ్రానైట్ ఎలా పోగైందన్నదే ఇప్పుడు తగువు. లోపల ఒకచోట నీరు ఎక్కువగా చిక్కుకుపోయిందా, లేక లోతు నుంచి వేడి పొంగి రాతిని పదేపదే కరిగించిందా అని వాదించుకుంటున్నారు.